కొన్న ఇంటిలో కానరాని చెమ్మ

పూర్వము మన గ్రామములలో ఇల్లు అమ్ముట, కొనుట అరుదుగా జరిగెడి పని. తాత కట్టించిన ఇంట తండ్రియు, తండ్రి తరువాత కొడుకును కాపురముండెడివారు. ఏ గోడ ఊరునో, ఏ మూల కప్పు కారునో ఇంటివారికి పుట్టుకతోనే తెలిసియుండెడిది. ఇప్పుడట్లు కాదు. పిల్లలు హైదరాబాదులోను, బెంగుళూరులోను, విదేశములలోను స్థిరపడుచున్నారు. ఊరిలోని ఇల్లు ఏండ్ల తరబడి తాళము వేసియుండి, తుదకు అమ్మకమునకు వచ్చుచున్నది. కొనువారు పొరుగు పల్లెనుండి వచ్చిన రైతులు, పదవీ విరమణ చేసిన ఉద్యోగులు, గల్ఫు దేశములలో కష్టించి నాలుగు రాళ్ళు వెనుక వేసికొని తిరిగివచ్చినవారు. వీరు దస్తావేజులు చూచుకొందురు, ఈ.సి. తీయింతురు, హద్దులు కొలిపింతురు. గోడను మాత్రము తట్టి చూడరు.

రెండేండ్ల క్రిందట కోస్తా జిల్లాలోని ఒక గ్రామమునకు పనిమీద పోయినపుడు అచటి పంచాయతీ కార్యాలయపు అరుగుమీద ఒక తగవు నడుచుచుండెను. ఉపాధ్యాయుడుగా పనిచేసి విరమించిన ఒక పెద్దమనిషి, తనకు వచ్చిన పైకమంతయు పెట్టి, ఆ ఊరిలో పాత డాబా ఇల్లు కొన్నాడు. కొన్నది చైత్రమాసము. ఇల్లు అద్దమువలె నున్నది. శ్రావణము వచ్చునప్పటికి పడకగది గోడ నడుమెత్తువరకు నల్లబడి, రంగు పొక్కులెక్కి రాలసాగినది. గోడవారనున్న పెట్టెలో ఆయన భార్య దాచుకొన్న పట్టుచీరలు బూజు పట్టినవి. ద్వారబంధము అడుగున చెద కనిపించినది.

“రంగు పూసి నన్ను మోసం చేశావు బాబూ” అని మాస్టారు.

“మాస్టారూ, మా నాయన ఉన్నన్నాళ్ళూ ఆ గోడకు చుక్క చెమ్మ లేదండీ. ఒట్టు వేసి చెబుతాను” అని అమ్మినవాడు.

ఇరువురును సర్పంచిగారి ముఖము చూచుచున్నారు. ఆమె ఎటూ చెప్పలేకపోయినది. ఆ మూల కూర్చున్న ఒక ముసలి తాపీమేస్త్రి మెల్లగా ఒక ప్రశ్న వేసినాడు: “అయ్యా, ఆ గోడకు చెమ్మ లోపలివైపు ఎక్కువా, వీధివైపు ఎక్కువా?” దానికి జవాబు ఎవరియొద్దను లేదు. ఎవరును చూడలేదు.

ఇట్టి తగవులు మీ ముందుకును వచ్చుచుండును. ఎవరిది తప్పు అను ప్రశ్నకు ముందు, నీరు ఎచటినుండి వచ్చినది అను ప్రశ్నకు జవాబు తెలియవలెను. మొదటిదానికి జవాబు చాలసార్లు రెండవదానిలోనే యుండును.

ఇంటిలోనికి నీరు వచ్చు దారులు నాలుగు. పైన కప్పునుండి, ప్రక్కన వాన కొట్టు గోడనుండి, క్రింద నేలనుండి, లోపల గొట్టములనుండి. నాల్గింటి గుర్తులును వేరు. కప్పునుండి దిగిన చెమ్మ గోడ పైభాగమునను, మూలలందును మరకకట్టి వానతో హెచ్చి ఎండతో తగ్గును. వాన కొట్టు గోడలో చెమ్మ గాలివాటుననుండు వైపుననే, తరచు కిటికీల చుట్టును, పగుళ్ళవెంటను కన్పట్టును. గొట్టము కారినచో వేసవి, వర్షాకాలము అను భేదము లేదు. మరక గుండ్రముగా విస్తరించుచుండును. నేలనుండి ఎక్కిన చెమ్మయే అన్నిటికంటె మోసకారి కనుక దానిని కొంచెము విపులముగా చెప్పుదును.

దీపపు వత్తి నూనెను పైకి పీల్చునట్లు ఇటుకయు, ఇటుకల నడుమ సున్నమును నేలలోని తడిని పీల్చును. ఇది సాధారణముగా ఒక మీటరు ఎత్తువరకు ఎక్కును. ఒక్కొక్కచో కొంచెము మించవచ్చును. గోడపై అలలవలె వంకరగా ఒక గీత ఏర్పడి, ఆ గీతవెంట తెల్లని ఉప్పు పూయును. నేలలోని లవణములు నీటితోగూడ పైకి వచ్చి, నీరు గాలిలో కలిసిపోగా అవి గోడలో మిగిలిపోవును. మిగిలిన ఉప్పు గడ్డకట్టునపుడు ఇటుక రంధ్రములలో ఒత్తిడి కలిగి పూత పొరలు పొరలుగా రాలును. మరియొక చిక్కు గలదు. ఈ ఉప్పులలో కొన్ని గాలిలోని తేమను పీల్చుకొనును. కావున నీటి దారిని మూసివేసిన తరువాతకూడ ముసురు పట్టిన దినములలో ఆ గోడ చెమ్మగిల్లుచునే యుండును. మేస్త్రి పని సరిగా చేయలేదని ఇంటివారు అతనిని నిందింతురు. తప్పు అతనిది కాకపోవచ్చును.

దీనిని అరికట్టుటకే పునాదిమీద, గోడ ఆరంభమగుచోట, నీరు చొరని కాంక్రీటు పొర నొకటి వేయుదురు. మేస్త్రీలు దీనినే డి.పి.సి. అందురు. పాత ఇండ్లలో పెక్కింటికి ఇది లేదు. అయినను మన పెద్దలు తెలివి తక్కువవారు కారు. ఎత్తైన రాతి అరుగు కట్టి, ఇంటిచుట్టు నీరు నిలువకుండ చేసి, గోడకు గానుగ సున్నము పూసి, ఏటేట వెల్ల వేయించెడివారు. నల్లరాయి నీటిని అంతగా పీల్చదు. సున్నపు పూత గోడకు ఊపిరాడనిచ్చును. ఎక్కిన కొద్ది తడియు బయటికి ఆరిపోవును. అట్టి గోడకు ఇప్పుడు సిమెంటు పూసి, దానిపై ప్లాస్టిక్ రంగు వేయుచున్నారు. దానితో ఆరవలసిన నీటికి దారి మూసుకొనిపోయి, అది ఇంకను పైకి ఎక్కును. గోడను బాగుచేసితి మనుకొన్నవారే దానిని పాడుచేసినవారగుచున్నారు.

రాయలసీమలోని చవుడు మిద్దెల విషయమును ఇట్టిదే. మిద్దెమీద చవుడుమట్టి పరచుట అజ్ఞానమువలన కాదు. సోడియము హెచ్చుగా నుండు ఆ మన్ను తడియగానే నలిగి మెత్తబడి, తన రంధ్రములను తానే పూడ్చుకొని, నీటిని క్రిందికి దిగనీయదు. అయితే దానిని ఎప్పటికప్పుడు క్రొత్తగా పరచుచుండవలెను. తాళము పడిన ఇంటిలో ఆ పని ఎవరు చేయుదురు? నాలుగేండ్లు చవుడు వేయని మిద్దె కొనువారు, దూలములు గోడలోనికి చొచ్చుకొనిపోవు కొనలను తప్పక పరీక్షింపవలెను. తడి అచటనే నిలుచును, కొయ్య అచటనే పుచ్చును. గోదావరి మండలములలోని మండువా లోగిళ్ళలో అట్లే రెండు వాలుల పెంకుకప్పులు కలియుచోటనుండు రేకు కాలువను, మండువా నీటిని బయటికి పంపు తూమును చూడవలెను. తూము పూడిపోయినచో నడిమింటి గోడల అడుగున నీరు దిగుచునే యుండును.

సిమెంటు డాబాలలో చెమ్మ చేయు హాని వేరు. లోపలి ఇనుప కమ్మీలు త్రుప్పు పట్టును. త్రుప్పు ఇనుముకంటె అనేక రెట్లు చోటు ఆక్రమించును. అందుచే కాంక్రీటు కమ్మీవెంట నిలువున పగిలి, పెచ్చులు పెచ్చులుగా ఊడును. సముద్ర తీరమున ఉప్పుగాలివలనను, కడుగని ఉప్పుటిసుక వాడిన కట్టడములలోను ఈ రోగము త్వరగా వచ్చును. కప్పు అడుగున త్రుప్పురంగు మరక కనిపించిన ఇంటిని ఇంజనీరుకు చూపక కొనరాదు. పెచ్చుమీద సిమెంటు మెత్తి రంగు వేయుట వైద్యము కాదు.

ఇక కొనకముందు చేయవలసిన పరీక్షలు. వీనికి పెద్ద ఖర్చు లేదు. వీలైనంతవరకు వర్షాకాలములోగాని, వానలు వెలసిన వెంటనేగాని ఇల్లు చూడవలెను. వేసవిలో చూచి కొన్న ఇల్లు వానలో మరియొక ఇల్లుగా కనబడును. తాళము తీయించిన వెంటనే, కిటికీలు తెరువకముందు, లోనికిపోయి ఒక నిమిషము నిలువుడు. నెమ్ము వాసనను ఏ రంగును కప్పలేదు. ఇల్లంతయు పాతరంగు ఉండి ఒక్క గోడకే, లేక గోడలో ఒక్క భాగమునకే క్రొత్త రంగున్నచో కారణ మడుగుడు. బీరువా, మంచము జరిపించి వెనుక చూడుడు. మొగమాటపడకుడు. ఈ మొగమాటము ఖరీదు లక్షలలో నుండును.

గోడను రూపాయి బిళ్ళతో తట్టుచు పొండు. పూత గోడను వదలినచోట డొల్ల శబ్దము వచ్చును. ద్వారబంధముల అడుగు భాగమును దబ్బనముతో పొడిచి చూడుడు. గట్టి టేకులో మొన దిగదు. పుచ్చిన కొయ్యలో చివ్వున దిగును. చెద మట్టిబాటలు కనిపించినచోట తడియు నుండునని అనుమానింపవలెను. అనుమానమున్న గోడకు అడుగు చదరము గల ప్లాస్టిక్ కాగితమును నాలుగంచులును గాలి చొరకుండ అంటించి ఒక దినమంతయు ఉంచుడు. కాగితము వెనుక, అనగా గోడవైపున, నీటి బిందువులు పట్టినచో తడి గోడలోనిది. ముందువైపున పట్టినచో అది గదిలోని గాలి తేమ. గాలి వెలుతురు లేకపోవుటయే దోషము.

గొట్టముల విషయమున, రాత్రి కుళాయిలన్నియు కట్టి, మిద్దెమీది తొట్టిలో నీటిమట్టమునకు గుర్తు పెట్టుడు. తొట్టిలోనికి వచ్చు నీటినికూడ ఆపవలెను. తెల్లవారి మట్టము దిగినచో గోడలో ఎచటనో గొట్టము కారుచున్నదని అర్థము. స్నానపుగది తూమును గుడ్డతో బిగించి, రెండంగుళముల నీరు నింపి ఒక దినము ఉంచి, ప్రక్కగది గోడను, క్రింది కప్పును చూడవలెను. అమ్ముదారు ఈ పరీక్షలకు అంగీకరింపనిచో, ఆ నిరాకరణమే సగము జవాబు.

నదులు, వాగులు దాపుననున్న గ్రామములలో మరియొక ప్రశ్న ముఖ్యము: ఈ ఇంటిలోనికి వరద వచ్చినదా, వచ్చినచో ఎంతవరకు? భద్రాచలము వద్ద గోదావరి 1986 ఆగస్టులో 75.6 అడుగులును, 2022 జూలైలో 71.3 అడుగులును చేరినది. 2009 అక్టోబరులో కర్నూలు పట్టణము మునిగినది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో వేలాది ఇండ్లలోనికి నీరు చొచ్చినది. వరద తగ్గిన మరు సంవత్సరమే అట్టి ఇల్లు క్రొత్త రంగుతో అమ్మకమునకు రావచ్చును. ఇరుగుపొరుగును అడిగిన నిజము తెలియును. పంచాయతీవారు కార్యాలయపు గోడమీదను, ఒకటి రెండు విద్యుత్తు స్తంభములమీదను వరదమట్టపు గుర్తును సంవత్సరముతో సహా వేయించుట స్వల్పమైన ఖర్చుతో జరుగు గొప్ప మేలు.

చట్టమేమి చెప్పుచున్నదో సభ్యులు ఎరిగియుండుట మంచిది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టము 55వ సెక్షను ప్రకారము, ఆస్తిలోని ముఖ్యమైన లోపము తనకు తెలిసియుండి, కొనువానికి తెలియక, సామాన్యమైన జాగ్రత్తతో అతడు కనిపెట్టజాలని దైనచో, అమ్మువాడు దానిని చెప్పి తీరవలెను. చెప్పకుండుట మోసముగా పరిగణింపబడును. అయితే కంటికి కనబడుచున్న లోపమును చూడనివానికి ఈ రక్షణ లేదు. అమ్మువానికే తెలియని లోపమునకును ఇది వర్తింపదు. కావున ఒప్పందపు కాగితముమీదనే “ఇంటికి కప్పు కారుట, గోడలు ఊరుట, వరద చొచ్చుట ఇంతవరకు లేవు” అనిగాని, ఉన్నచో ఉన్నవనిగాని వ్రాయించుకొనుట మేలు. పట్టణములలో బిల్డరు యొద్ద ఫ్లాటు కొనువారికి 2016 నాటి రెరా చట్టము మరికొంత రక్షణ ఇచ్చుచున్నది. ఆ చట్టము వర్తించు కట్టడములలో స్వాధీనపరచిన నాటినుండి ఐదేండ్లలోపల కట్టడపు లోపము బయటపడినచో బిల్డరు 30 దినములలో ఉచితముగా బాగుచేయవలెను. గ్రామములోని పాత ఇంటికి అది వర్తింపదు.

కొన్న తరువాత చెమ్మ బయటపడినచో తొందరపడి రంగు వేయకుడు. తొందరలో టైల్సు అంటింపకుడు. మొదట ఆ గోడలోని విద్యుత్తు తీగలను ఎలక్ట్రీషియనుకు చూపవలెను. తడిగోడలో దెబ్బతిన్న తీగ ప్రాణాంతకము. 30 మిల్లీ ఆంపియర్ల లీకునకే ప్రవాహమును ఆపివేయు రక్షణ స్విచ్చిని మీటరు దగ్గర పెట్టించుట ఏ ఇంటికైనను ఆవశ్యకము. పసిపిల్లలను, ఉబ్బసము గలవారిని ఆ గదిలో పరుండబెట్టరాదు. చెమ్మకు, బూజుకు, ఊపిరితిత్తుల బాధలకు సంబంధము గలదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో ప్రకటించిన మార్గదర్శకములలో చెప్పియున్నది.

తరువాత నీటి దారిని కనుగొని మూయవలెను. అటుపిమ్మట గీతకు ఒక అడుగు పైవరకు చెడిన పూతను చెక్కివేసి, ఇటుకను బయటపెట్టి ఆరనీయవలెను. పైకి వచ్చిన ఉప్పును పొడి కుంచెతో దులిపి ఎత్తివేయవలెను. నీటితో కడిగినచో ఉప్పు కరిగి మరల గోడలోనికే పోవును. ఆరుటకు ఎంత కాలము? గోడ మందము అంగుళమునకు ఒక మాసమని అనుభవజ్ఞుల లెక్క. తొమ్మిదంగుళముల గోడకు ముప్పాతిక సంవత్సరము. ఇంత ఓపిక మనకు ఉండదు. అందువలననే చేసిన పని మరల చేయవలసి వచ్చుచున్నది. ఆరిన పిమ్మట పాతగోడకు సున్నపు పూతయు, సున్నపు వెల్లయు వేయుట ఉత్తమము. గోడ అడుగున వరుసగా రంధ్రములు చేసి నీటిని నిరోధించు మందు ఎక్కించు పద్ధతికూడ ఇప్పుడు వచ్చినది. అది నేలనుండి ఎక్కు చెమ్మకు మాత్రమే. కారు గొట్టమునకు అది మందు కాదు.

ఇంతవరకు కొనువారి విషయము. ఇక మన విషయము చెప్పవలసియున్నది.

జాతీయ భవన నిర్మాణ నియమావళి ప్రకారము ఇంటి అరుగు చుట్టుప్రక్కల నేలకంటె 45 సెంటీమీటర్లకు తక్కువ కాని ఎత్తున నుండవలెను. మన ఊరి పాత ఇండ్లు పెక్కు అంతకంటె ఎత్తుననే కట్టబడినవి. తరువాత వీధికి మట్టి పోసితిమి. దానిపై కంకర వేసితిమి. దానిపై సిమెంటు రోడ్డు, కొన్నేండ్లకు దానిపై మరియొక సిమెంటు రోడ్డు. పాత రోడ్డు త్రవ్వి తీయుటకు ఖర్చగునని దానిమీదనే క్రొత్తది వేయించితిమి. మూడు మెట్లెక్కి పోవలసిన ఇంటిలోనికి ఇప్పుడు మెట్టు దిగి పోవుచున్నాము. వీధి నీరు గోడ మొదట చేరుచున్నది. ఇంటింటికి కుళాయి ఇచ్చుటకు వీధులలో వేసిన గొట్టములు మంచి పని, అవసరమైన పని. కాని గొట్టమునుండి ఇంటికి చీలు ప్రతి అతుకును ఒక అనుమానపు చోటే. రోడ్డు క్రింద అతుకు కారినచో నీరు పైకి రాదు. దగ్గరలోనున్న పునాదిలోనికి పోవును.

ఆ నాడు మేస్త్రి ప్రశ్నకు జవాబు వెదకుచు మేమందరము మాస్టారి ఇంటికి పోయితిమి. చెమ్మ వీధివైపుననే హెచ్చుగా నున్నది. రోడ్డు అరుగుతో సమానముగా నున్నది. దానిని వేసి అప్పటికి మూడేండ్లు. అమ్మినవాడు ఊరు విడిచి ఐదేండ్లు. మండలపు అసిస్టెంటు ఇంజనీరు వచ్చి, సర్పంచిగారి ఎదుట రోడ్డు అంచు త్రవ్వించగా, మోకాటిలోతున కుళాయి అతుకు నుండి నీరు సన్నని ధారగా కారుచున్నది. అమ్మినవాని ఒట్టు అబద్ధము కాదు. కాని రంగు వేసిన కుర్రవాడు అడుగగానే చెప్పినాడు: “మరక ఉందండీ. దాని మీద రెండు కోట్లు వేయమన్నారు.” అనగా తండ్రి కాలములో లేని చెమ్మ అమ్మునాటికి ఉన్నదనియు, అది అతనికి తెలిసినదే ననియు తేలినది.

పంచాయతీ అతుకు మార్పించి, గోడవెంబడి కాలువ తీయించినది. పూత చెక్కి మరల సున్నము వేయుటకగు ఖర్చు అమ్మినవాడు ఇచ్చుటకు ఒప్పుకొన్నాడు. చీరల సంగతి ఎవరును మాటాడలేదు. సర్పంచిగారు తరువాతి సమావేశమున, ఇకమీదట ఏ వీధికి రోడ్డు వేసినను అంచనా తయారుచేయుటకు ముందు ఆ వీధిలోని అతి పల్లపు ఇంటి అరుగు మట్టమును కొలిచి వ్రాయవలెనని తీర్మానము చేయించినారు. దీనికి ఒక సభ్యుడు అభ్యంతరము చెప్పినాడట. పాత రోడ్డు త్రవ్వినచో అంత పొడవు రోడ్డు రాదని. రాదు, నిజమే.

మొన్న మాఘమాసములో ఆ దారిన పోవుచు మాస్టారి ఇంట ఆగితిని. గోడ ఇంకను నగ్నముగానే యున్నది. ఇటుకలమీద సుద్దతో అడ్డగీతలు, ప్రతి గీత ప్రక్కన తేదీ. నెల మొదటి దినమున తడి ఎంతవరకు ఉన్నదో ఆయన గీత గీయుచున్నారు. మొదటి గీతకును, నాటి గీతకును నడుమ జానెడు దూర మున్నది. సున్నము బస్తాలు వసారాలో తెచ్చి పెట్టుకొన్నారు. ఇంకొక వేసవి పోవలెనని మేస్త్రి చెప్పినాడట.